ఫోకస్ బొటనవేలికి, క్లిక్ చూపుడువేలికి

మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ. మర్నాడు పాడ్యమి నుంచి గుజరాత్ అంతటా గర్బా. సూరత్‌లో లింబాయత్ వైపు స్థిరపడ్డ తెలంగాణ పద్మశాలి కుటుంబాలకు ఈ రెండు పండుగలూ తమవే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వెళ్లిన వాళ్ల పిల్లలు, మనవలు వీళ్లు. ఆడపిల్లలు సాయంత్రం పేర్చిన పూల చుట్టూ అమ్మతో, అత్తలతో చప్పట్లు కొడుతూ తిరుగుతారు. రాత్రి గర్బా మైదానంలో స్నేహితులతో తిరుగుతారు. చూసేవాళ్లకు రెండూ గుండ్రంగా తిరిగే ఆటలే.

కెమెరా పట్టుకున్నవాళ్లకు మాత్రం రెండూ ఒకటి కావు. బతుకమ్మ నెమ్మదిగా సాగుతుంది, వలయం దాదాపు ఒకే కొలతలో ఉంటుంది. గర్బాలో ఒక వలయంలో ఇంకో వలయం, ఒకటి ఇటు, ఒకటి అటు. పైగా ప్రతి మనిషీ తన చుట్టూ తాను తిరుగుతూ ఒక్క గంతులో మీ ముందుకొచ్చి మళ్లీ వెనక్కి పోతాడు. మొదటిదానికి ఫోకస్‌ను ఒక దూరం దగ్గర ఆపేయాలి. రెండోదానికి మనిషితో పాటు ఫోకస్ కూడా కదలాలి. ఒకే సాయంత్రం, ఒకే కెమెరాతో ఈ రెండూ చేయాలంటే మెనూల్లోకి వెళ్లి మార్చుకునే తీరిక ఉండదు. అందుకు కెమెరా వెనక, బొటనవేలు ఆనేచోట ఉన్న చిన్న బటన్ పనికొస్తుంది. దాని మీద చాలావరకు ‘ఏఎఫ్-ఆన్’ అని రాసి ఉంటుంది. చాలామంది కొన్న రోజు నుంచీ దాన్ని ముట్టుకోరు.

ఆ బటన్ చేసే పని వినడానికి అతి చిన్నది. మామూలుగా షట్టర్ బటన్‌ను సగం నొక్కితే ఆటోఫోకస్ మొదలవుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. చూపుడువేలు ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. బ్యాక్ బటన్ ఫోకస్ పద్ధతిలో షట్టర్ బటన్ నుంచి ఫోకస్ పనిని పూర్తిగా తీసేస్తారు. బొటనవేలు నొక్కినంతసేపే ఫోకస్ పనిచేస్తుంది. వదిలితే లెన్స్ ఉన్నచోటే నిలిచిపోతుంది. చూపుడువేలికి ఫొటో తీయడం ఒక్కటే మిగులుతుంది.

అసలు ఈ రెండు పనులూ ఒకే బటన్ మీదికి ఎందుకొచ్చాయి? 1977లో కొనికా సి35 ఏఎఫ్ వచ్చింది. మార్కెట్లోకి పెద్ద ఎత్తున వచ్చిన మొదటి ఆటోఫోకస్ కెమెరా అదే. అందులోని ఫోకస్ పరికరం అమెరికాలోని హనీవెల్ కంపెనీ రూపొందించింది. ఆ కెమెరా కొన్నది ఫోకస్ రింగు తిప్పడం రాని, తిప్పాలని లేని సామాన్యుడు. అతనికి బటన్ ఒక్కటే ఉండాలి, అదీ నొక్కగానే పనైపోవాలి. మరుసటి ఏడాది పోలరాయిడ్ కంపెనీ గబ్బిలం పద్ధతి పట్టుకుంది. వాళ్ల ఎస్ఎక్స్-70 సోనార్ కెమెరా చెవికి వినబడని శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకట్టేది. చీకట్లోనూ పనిచేసేది. కిటికీ అద్దం అవతలి దృశ్యాన్ని తీయబోతే మాత్రం అద్దం మీదే ఫోకస్ చేసి ఊరుకునేది.

లెన్సులు మార్చుకునే ఎస్ఎల్ఆర్ కెమెరాల్లోకి ఆటోఫోకస్ 1981లో పెంటాక్స్ ఎంఈ-ఎఫ్‌తో వచ్చింది కానీ, అది నత్తనడక. నిజంగా ఆట మార్చింది 1985 నాటి మినోల్టా 7000. ఫోకస్ సెన్సర్, మోటారు రెండూ కెమెరా ఒంట్లోనే ఇమిడాయి. (హనీవెల్ తన పేటెంట్లను అతిక్రమించారని దావా వేసి, 1992లో మినోల్టా నుంచి 12 కోట్ల 75 లక్షల డాలర్లు రాబట్టింది. ఆటోఫోకస్ విలువ ఎంతో కోర్టు లెక్కల్లో తేలిన సందర్భం అది.) అప్పటికే ఎస్ఎల్ఆర్‌లలో షట్టర్ బటన్ మీద వేలు ఆనిస్తే లైట్ మీటర్ మేలుకునే ఏర్పాటు ఉంది. ఫోకస్ కూడా ఆ సగం నొక్కుడులోనే చేరిపోయింది. ఇంజనీర్లకు అది తేలిక, కొనేవాళ్లకు ఇంకా తేలిక.

ఇబ్బంది మొదట తెలిసింది క్రీడల ఫొటోలు, పత్రికల ఫొటోలు తీసేవాళ్లకు. ఆటగాడి మీద ఫోకస్ పెట్టి అదను కోసం చూస్తుంటే మధ్యలో రిఫరీ అడ్డొస్తాడు. బటన్ నొక్కగానే లెన్స్ రిఫరీ మీదికి దూకుతుంది. 1989లో కేనన్ తన ఈఓఎస్ 630లో ఒక కస్టమ్ ఫంక్షన్ పెట్టింది: కావాలంటే ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి విడదీసి వేరే బటన్‌కు అప్పగించుకోవచ్చు. బ్యాక్ బటన్ ఫోకస్ పుట్టుక అదే. 1996లో వచ్చిన నైకాన్ ఎఫ్5 వెనక ‘ఏఎఫ్-ఆన్’ అనే బటన్ విడిగా ఉంది. కేనన్ మాత్రం చాలా ఏళ్లు నక్షత్రం గుర్తున్న ఎక్స్‌పోజర్ లాక్ బటన్‌తోనే నెట్టుకొచ్చి, 2007లో ఈఓఎస్-1డి మార్క్ 3తో విడి బటన్ ఇచ్చింది. అంటే ఇది ఇవాళ యూట్యూబ్‌లో పుట్టిన చిట్కా కాదు. మూడున్నర దశాబ్దాల పాతది.

ఇక్కడ ఒక అపోహను ముందే తీసేయాలి. వెనక బటన్‌తో ఫోకస్ చేస్తే ఫొటో ‘ఇంకా షార్ప్‌గా’ వస్తుందని చెప్పేవాళ్లున్నారు. రాదు. ఏ బటన్ నొక్కినా లోపల పనిచేసేది అదే సెన్సర్, అదే మోటారు, అదే లెక్క. మారేది ఆ లెక్క ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే. అది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఆ లెక్క ఎలా జరుగుతుందో కాస్త చూడాలి.

చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వెనక గోడతో పోలిస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. రెండు కళ్లు రెండు చోట్ల నుంచి చూస్తున్నాయి కాబట్టి. కెమెరాకు లెన్స్ ఒకటే అయినా, దాని ఎడమ అంచు గుండా వచ్చిన వెలుగునూ కుడి అంచు గుండా వచ్చిన వెలుగునూ వేరుచేసి రెండు బొమ్మలుగా చూడొచ్చు. ఫోకస్ సరిగ్గా కుదిరితే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి సరిపడతాయి. కుదరకపోతే పక్కకు జరుగుతాయి. ఎటు జరిగాయో చూస్తే ఫోకస్ ముందుకు పడిందా వెనక్కి పడిందా తెలుస్తుంది, ఎంత జరిగాయో చూస్తే మోటారు ఎంత తిరగాలో తెలుస్తుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు. తడుముకోకుండా ఒక్క లెక్కతో లెన్స్ సరైన చోటికి వెళ్లడం దీని బలం. అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌లలో దీనికి కెమెరా అడుగున వేరే సెన్సర్ ఉండేది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫొటో తీసే సెన్సర్ మీదే ఆ కళ్లు ఉంటాయి.

ఈ పద్ధతి బలహీనత కూడా ఆ రెండు బొమ్మలను జత చేయడంలోనే ఉంది. జత కలపాలంటే పట్టుకోవడానికి ఒక అంచు, ఒక మరక, వెలుగునీడల తేడా ఏదో ఒకటి ఉండాలి. సాదా శాటిన్ చీర మధ్యభాగంలో అది దొరకదు. ఇంకో చిక్కు దీనికి పూర్తిగా ఎదురైనది. ఒకే రకం గీతలు సమాన దూరంలో వందల కొద్దీ ఉంటే, ఎడమ బొమ్మలోని ఏ గీత కుడి బొమ్మలోని ఏ గీతకు జోడీయో కెమెరాకు తెలియదు. ఒక గీత పక్కకు జరిపి జత చేసినా లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కెమెరా కంపెనీలు తమ మాన్యువళ్లలో ‘ఆటోఫోకస్ కష్టమయ్యే వస్తువులు’ అని ఇచ్చే జాబితాలో ఈ పునరావృతమయ్యే నమూనా తప్పకుండా ఉంటుంది.

మగ్గం మీద సాగదీసిన పడుగు కంటే మంచి ఉదాహరణ దీనికి ఉంటుందా? సూరత్‌లో మరమగ్గాల షెడ్డులోకి అడుగుపెట్టిన ఫొటోగ్రాఫర్‌కు ఎదురయ్యేది ఇదే. సిరిసిల్లలో లాగే అక్కడి మనవాళ్లూ వాటిని సాంచాలంటారు. సందులు ఇరుకు. మనిషిని తీయాలంటే తరచుగా సాంచా అవతలి వైపు నిలబడి, పడుగు దారాల మీదుగా, దారాలను విడదీసి ఉంచే అచ్చు సందుల్లోంచి చూడాలి. ముందు పాలిస్టర్ దారాలు మెరుస్తుంటాయి, అవతల నీడలో ముఖం ఉంటుంది. ఆటోఫోకస్‌కు దగ్గరగా, బాగా వెలుగులో ఉన్నదాని మీద మోజు ఎక్కువ. మీరు బటన్ సగం నొక్కిన ప్రతిసారీ అది దారాల మీదికి వస్తుంది, లేదా దారాల్లో జోడీ కుదరక ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది.

ఇక్కడ వెనక బటన్ చేసేది ఇది. దారాల మధ్య కాస్త సందు దొరికినప్పుడు ఒక్క ఫోకస్ పాయింట్‌ను కార్మికుడి కనుబొమ మీద ఉంచి బొటనవేలు నొక్కుతారు. ఫోకస్ కుదరగానే వదిలేస్తారు. ఆ తర్వాత ఎన్ని ఫొటోలు తీసినా లెన్స్ కదలదు. దారం తెగి సాంచా ఆగుతుంది, అతను వంగి ముడి వేస్తాడు, మళ్లీ లేస్తాడు, పక్క సాంచా వైపు చూస్తాడు. అతను అదే చోట ఉన్నంతసేపూ మీ పని ఆ చేతుల్ని, ఆ చూపుని కనిపెట్టడమే. చోటు మారితే మళ్లీ ఒక్క నొక్కు. లెన్స్ పక్కనున్న మీటను మాన్యువల్‌కు తోసినా ఇదే జరుగుతుంది, నిజమే. పాతతరం ఫొటోగ్రాఫర్లు అలాగే చేసేవాళ్లు. కానీ దానికి ఇంకో చెయ్యి కావాలి, ప్రతిసారీ మీట ఎటుందో గుర్తుండాలి. ఆటో నుంచి మాన్యువల్‌కు, మాన్యువల్ నుంచి ఆటోకు బొటనవేలు ఎత్తి దించినంతలో మారిపోవడమే బ్యాక్ బటన్ అసలు లాభం అని నా ఉద్దేశం. మిగతావన్నీ దాని పిల్లలు.

ఇప్పుడు బతుకమ్మ వలయం దగ్గరికి వద్దాం. లెక్క వేస్తే దీని అందం తెలుస్తుంది. వలయం వ్యాసార్ధం 5 మీటర్లనుకోండి. మీరు వలయం బయట, మీకు అతి దగ్గరి అంచుకు 4 మీటర్ల దూరంలో నిలబడ్డారు. చేతిలో ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 మిల్లీమీటర్ల లెన్స్, అపర్చర్ ఎఫ్/2.8. ఆ దూరంలో మీ ఫ్రేము వెడల్పు సుమారు 1.7 మీటర్లు. ఆ ఫ్రేములోకి ఒక అమ్మాయి ఎడమ నుంచి వచ్చి కుడివైపు వెళ్లేలోగా, వలయం వంపు వల్ల ఆమె లోతులో మారేది 7 సెంటీమీటర్లే. ఆ అపర్చర్ దగ్గర స్పష్టంగా కనిపించే మందం, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, మొత్తం 37 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి కెమెరాను తిప్పకుండా నిలిపి, మధ్యలోకి వచ్చిన మొదటి మనిషి మీద ఒక్కసారి ఫోకస్ చేసి బొటనవేలు తీసేస్తే చాలు. ఆ తర్వాత వచ్చే ప్రతి ముఖమూ, వరసలో ఉన్నంతవరకు, తనంతట తానే స్పష్టంగా పడుతుంది. మీరు ఫోకస్ గురించి మరిచిపోయి చప్పట్లు కలిసే క్షణం కోసం చూడొచ్చు. మధ్యలో ఎవరో పిల్లాడు అడ్డంగా పరుగెత్తినా లెన్స్ వాడి వెంట పోదు.

గర్బాలో ఈ ఉపాయం చెల్లదు. మనిషి సెకనుకు 2 మీటర్ల వేగంతో మీ వైపు వస్తున్నాడనుకుందాం. డీఎస్ఎల్ఆర్‌లో వేలు నొక్కాక అద్దం లేచి తెర తెరుచుకోవడానికి సుమారు 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. అంతలోనే అతను 10 నుంచి 20 సెంటీమీటర్లు ముందుకొచ్చేస్తాడు. అందుకే ఎడతెగని ఫోకస్ విధానంలో కెమెరా మనిషి ఇప్పుడెక్కడున్నాడో మాత్రమే చూడదు. గత కొన్ని కొలతలను బట్టి తెర తెరుచుకునే క్షణానికి ఎక్కడుంటాడో అంచనా వేసి లెన్స్‌ను అక్కడికి తోలుతుంది. కేనన్ తన డీఎస్ఎల్ఆర్‌లలో దీన్ని ఏఐ సర్వో అంటుంది, నైకాన్, సోనీ ఏఎఫ్-సి అంటాయి. ఇక్కడ బొటనవేలిని నొక్కిపెట్టే ఉంచాలి. ఫోకస్ మనిషిని వెంటాడుతూనే ఉంటుంది, చూపుడువేలు తన అదను చూసుకుంటుంది.

కిటుకంతా ఇక్కడుంది. రెండు వలయాలకూ కెమెరా ఒకే అమరికలో, ఏఎఫ్-సిలో ఉంది. వేలు వదిలితే స్థిర ఫోకస్, పట్టుకుంటే వెంటాడే ఫోకస్. షట్టర్ బటన్‌తోనే ఫోకస్ చేసేవాళ్లు ఈ రెంటికీ రెండు మోడ్‌ల మధ్య అటూ ఇటూ మారాలి. నిలకడ కోసం పెట్టిన మోడ్‌లో ఉన్నప్పుడు మనిషి కదిలితే ఫొటో పోతుంది, కదలిక కోసం పెట్టిన మోడ్‌లో ఉన్నప్పుడు ఫ్రేము మార్చుకుంటే ఫోకస్ పోతుంది.

ఫ్రేము మార్చుకోవడం అన్నాను కాబట్టి దాని గురించి ఒక హెచ్చరిక. మధ్య పాయింట్‌తో కంటి మీద ఫోకస్ చేసి, వేలు వదిలి, కెమెరాను పక్కకు తిప్పి మనిషిని అంచుకు తెచ్చి తీయడం చాలామంది పద్ధతి. వెనక బటన్‌తో ఇది మరీ సులువైపోతుంది, అందుకే మరీ ఎక్కువగా చేస్తారు. కానీ ఫోకస్ అనేది కెమెరాకు ఎదురుగా నిలబెట్టిన ఒక చదునైన తలం. కెమెరాను తిప్పితే ఆ తలం కూడా తిరుగుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/1.4 దగ్గర తెరిచి, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉన్న పెళ్లికూతురి కంటి మీద ఫోకస్ చేశారు. తర్వాత కెమెరాను 15 డిగ్రీలు తిప్పారు. ఇప్పుడు ఫోకస్ తలం ఆమె కంటికి 5 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. ఆ అపర్చర్ దగ్గర అటు ఇటు స్పష్టంగా ఉండేది 4 సెంటీమీటర్ల లోపే. కన్ను మసక, చెవి జూకా స్పష్టం. అదే మూడు మీటర్ల దూరంలో అయితే తప్పు 10 సెంటీమీటర్లు, స్పష్టత అటు ఇటు 15 సెంటీమీటర్ల దాకా. కాబట్టి ఇబ్బంది లేదు. దగ్గరగా, పెద్ద అపర్చర్‌తో తీసేటప్పుడు ఫోకస్ పాయింట్‌నే కంటి మీదికి జరపాలి తప్ప కెమెరాను తిప్పకూడదు. ఈ తప్పును ఏ బటనూ సరిదిద్దదు.

బొటనవేలే ఎందుకు? మన వేళ్లు మనం అనుకున్నంత స్వతంత్రంగా ఉండవు. ఒక వేలితో నొక్కితే పక్క వేళ్లు కూడా తమకు తెలియకుండానే కొంత బలం వేస్తాయి. చేతి కదలికల మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని ఎన్నో ప్రయోగాల్లో కొలిచారు. ఉంగరం వేలు ఈ విషయంలో మరీ పరాధీనం. బొటనవేలు, చూపుడువేలు అన్నిటికంటే స్వతంత్రమైనవి. బొటనవేలిని వంచడానికి ముంజేతిలో దానికంటూ విడి కండరం ఉంది. కాబట్టి ఒకటి అదిమి పట్టుకుని ఉండగా ఇంకోటి మెత్తగా తట్టడం ఈ జంటకు కష్టం కాదు. దానితో పోలిస్తే చూపుడువేలిని సగం నొక్కి, ఆ సగం దగ్గరే నిమిషాల తరబడి నిలిపి ఉంచడం చాలా కష్టం. కాస్త సడలితే ఫోకస్ మళ్లీ మొదటికి, కాస్త బిగిస్తే ఫొటో ముందే పడిపోతుంది.

పండుగలు, సాంచాలు పక్కన పెడితే సూరత్‌లో రోజూ జరిగే ఫొటో పని చీరలది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు వెళ్లే కొత్త డిజైన్లన్నిటికీ ఫొటోలు కావాలి. స్టాండు మీద కెమెరా, బల్ల మీద మడిచిన చీర. డిజైన్ ఒకటే, రంగులు మారుతుంటాయి. తెల్ల చీర మీద ఇట్టే పట్టిన ఫోకస్ నల్ల చీర దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. అంచు జరీ మీద ఒక్కసారి బొటనవేలితో ఫోకస్ చేసి వదిలేస్తే, ఆ వరసలో రంగులన్నీ అయ్యేదాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. పని తొందరగా అవుతుంది, ఫొటోలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఇందులో కళ ఏమీ లేదు, సమయం మిగులుతుంది, అంతే.

వజ్రాల సంగతి వేరు. ప్రపంచంలో పది వజ్రాలు సాన పట్టుకుంటే తొమ్మిది సూరత్‌లోనే అంటారు కదా. వాటిని జీవిత పరిమాణంలో, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ వజ్రమంత ఉండేలా తీస్తే, ఎఫ్/8 దగ్గర కూడా స్పష్టత మందం ఒక్క మిల్లీమీటర్ లోపే. అదీ కాక వజ్రం వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్లిన వెలుగు ముఖం నుంచి ముఖానికి తిరిగి తిరిగి బయటికొస్తుంది. ఆ మెరుపుల ప్రతిబింబాలు రాయి ఉపరితలం మీద ఉండవు, వేర్వేరు లోతుల్లో ఉన్నట్టుంటాయి. ఆటోఫోకస్ వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ బొటనవేలితో దగ్గరి దాకా తెచ్చి, ఆఖరి వెంట్రుకవాసి దూరం చేత్తో రింగు తిప్పి సరిచేయడమే దారి. ఆటో మోడ్‌లోనూ రింగు తిప్పనిచ్చే లెన్సులు చాలానే ఉన్నాయి. షట్టర్ బటన్‌కు ఫోకస్ అంటిపెట్టుకుని ఉంటే, ఇంత శ్రమపడి సరిచేసినదాన్ని క్లిక్ కొట్టే క్షణంలో కెమెరా చెరిపేస్తుంది. విడదీస్తే ఆ బెడద లేదు.

జనవరి 14న ఉత్తరాయణం, గాలిపటాల పండుగ. సూరత్ మాంజాకు పేరున్న ఊరు, ఆ రోజు జనమంతా డాబాల మీదే. గాలిపటం నీలాకాశంలో ఉంటే ఫోకస్ పాయింట్ దాని మీద నుంచి రవ్వంత జారినా కెమెరాకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. లెన్స్ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగొస్తుంది, ఆలోగా గాలిపటం తెగి ‘కాయ్ పో చే’ అయిపోతుంది. జారిందని తెలిసిన క్షణమే బొటనవేలు ఎత్తేయడం అలవాటైతే లెన్స్ దాదాపు సరైన దూరంలోనే ఆగి ఉంటుంది, మళ్లీ పట్టుకోవడం తేలిక. తాపీ ఒడ్డున పక్షులను తీసేవాళ్లకూ ఇదే పాఠం.

అమర్చుకోవడం పెద్ద పని కాదు, కంపెనీకో పేరు ఉండడమే తికమక. కేనన్‌లో బటన్ల కస్టమ్ అమరికలోకి వెళ్లి షట్టర్ సగం నొక్కుడుకు మీటరింగ్ మాత్రమే ఉంచాలి. చవక మోడళ్లలో ఏఎఫ్-ఆన్ బటన్ లేకపోతే నక్షత్రం బటన్‌కు ఆ పని ఇవ్వొచ్చు. నైకాన్‌లో ‘ఏఎఫ్ యాక్టివేషన్’ను ‘ఏఎఫ్-ఆన్ ఓన్లీ’కి మార్చాలి. సోనీలో ‘ఏఎఫ్ విత్ షట్టర్’ను, ఫూజీలో ‘షట్టర్ ఏఎఫ్’ను ఆఫ్ చేయాలి. తర్వాత ఫోకస్ విధానాన్ని ఎడతెగనిదానికి మార్చి అక్కడే వదిలేయాలి. ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే వన్ షాట్ విధానంలో ఉంచి వెనక బటన్ వాడేవాళ్లున్నారు, దాంతో సగం లాభం పోయినట్టే. ఇంకో సంగతి: కొన్ని నైకాన్ కెమెరాల్లో బొటనవేలు నొక్కినా లెన్స్‌లోని కుదుపు నివారణ మేలుకోదు. చూపుడువేలు కూడా సగం ఆనించాల్సిందే.

అందరికీ ఇది నప్పుతుందని నేను అనను. ఎడమ కంటితో వ్యూఫైండర్ చూసేవాళ్లకు ఆ బటన్ ఉన్నచోట వాళ్ల ముఖమే ఉంటుంది. బొటనవేలు చెంపకో ముక్కుకో గుచ్చుకుంటుంది. చిన్న చేతులవాళ్లకు పెద్ద లెన్స్ బరువు మోస్తూ బొటనవేలిని అంత దూరం చాచడం నొప్పి. కుటుంబంతో విహారానికి వెళ్లి ఆగి ఉన్నవాటిని తీరిగ్గా తీసుకునేవాళ్లకు సగం నొక్కుడు హాయిగా సరిపోతుంది. పెళ్లిలో అందరికంటే ముందు దెబ్బతినేది బామ్మర్ది. “బావా, మీరూ నిలబడండి, ఒకటి నేను తీస్తా” అని కెమెరా అందుకుంటాడు, అతనికి వెనక బటన్ సంగతి తెలియదు, తీసినవన్నీ మసకే. కెమెరా డయల్ మీద సి1 లేదా యు1 అనే గుర్తు ఉంటే అందులో మామూలు అమరికను భద్రపరిచి, ఇచ్చే ముందు డయల్ తిప్పి ఇవ్వడం మేలు.

మరి ఇవాళ మిర్రర్‌లెస్ కెమెరాలు కంటిని తామే గుర్తుపట్టి, ఫ్రేములో ఎక్కడున్నా వెంటాడుతున్నాయి కదా, బొటనవేలితో పనేముంది? ఒక్క మనిషి ఉన్న చిత్రంలో అవసరం నిజంగానే తగ్గింది. కెమెరా తిప్పి ఫ్రేము మార్చుకునే అవస్థ చాలావరకు పోయింది. కానీ గర్బా మైదానంలో ఫ్రేములో నలభై ముఖాలుంటాయి, ఎనభై కళ్లు. వాటిలో మీకు కావలసినవి ఏవో కెమెరాకు ఎవరు చెప్పాలి? అందుకే ఇప్పుడు కొందరు రెండు బటన్లకూ ఫోకస్ ఇచ్చి, పని మాత్రం పంచుతున్నారు. షట్టర్ సగం నొక్కితే వాళ్లు ఎంచుకున్న చిన్న పాయింట్ దగ్గర ఫోకస్, బొటనవేలు నొక్కితే కంటిని గుర్తుపట్టి వెంటాడే ఫోకస్. మొదటిదానితో మనిషిని ఎంచుకుంటారు, రెండోదానితో వదలకుండా పట్టుకుంటారు.

కేనన్ ఇంకో అడుగు ముందుకేసింది, నిజానికి వెనక్కి వెళ్లి ముందుకొచ్చింది. ఫొటోగ్రాఫర్ కన్ను వ్యూఫైండర్‌లో ఎటు చూస్తుందో పసిగట్టి అక్కడే ఫోకస్ పాయింట్‌ను పెట్టే ఏర్పాటు 1992లోనే ఈఓఎస్ 5 ఫిల్మ్ కెమెరాలో ఉండేది. డిజిటల్ కాలంలో చాలా ఏళ్లు దాన్ని మూలన పడేసి, 2021లో ఈఓఎస్ ఆర్3తో మళ్లీ తెచ్చారు. చూపుతో మనిషిని ఎంచుకుని, బొటనవేలితో ఫోకస్‌కు ఆజ్ఞ ఇచ్చి, చూపుడువేలితో క్లిక్ కొట్టడం. ఒకే బటన్ మీద మొదలైన పని మూడు అవయవాలకు విడిపోయింది. అయితే దాన్ని వాడాలంటే ముందు కెమెరాకు మీ కంటి కదలికను నేర్పించాలి, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పెట్టుకున్నప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి.